కంచె బిగువుగా ఉంటే కరెంటు తీగతో పనేముంది?

మొక్కజొన్న కంకి పాలు పోసుకునే రోజులు వచ్చాయంటే పేపర్లో జిల్లా పేజీలో ఒక వార్త తప్పకుండా కనపడుతుంది. అడవి పందుల కోసం పెట్టిన కరెంటు తీగ తగిలి రైతు మృతి. ఊరి పేరు మారుతుంది, మండలం పేరు మారుతుంది, వార్త అదే. చనిపోయింది ఒక్కోసారి తీగ పెట్టిన రైతే. ఒక్కోసారి పక్క చేను రైతు. ఒక్కోసారి పొద్దున్నే గడ్డి కోసుకోవడానికి పోయిన ఆడమనిషి, లేకపోతే మేకల కాపరి.

రెండేళ్ల కింద మా పక్క ఊళ్లో ఇట్లాంటిదే జరిగితే సంఘం తరఫున నలుగురం పోయాం. తెల్లవారుజామున మోటరు పెట్టడానికి పోయిన పాతికేళ్ల పిల్లవాడు తిరిగి రాలేదు. తీగ పెట్టింది ఎవరో కాదు, వరుసకు పెదనాన్న. ఒక ఇంటి ముందు శవం, పక్కింటి ముందు పోలీసు జీపు. రెండిళ్లలోనూ ఏడుపులే. కానీ ఒకరి మొహం ఒకరు చూసుకోలేని పరిస్థితి.

పంచనామా అయినంక ఆ చేను గెట్టు మీద ఒక చుట్టు నడిచాను. ఆ చేనుకు కంచె లేదనుకున్నాను. ఉంది. మూడేళ్ల కింద అప్పు చేసి వేసిన కంచె. ఇనుప యాంగిలర్ కడీలు, ఐదు వరుసల ముళ్లతీగ. అయితే వాగు వైపు మూడు కడీలు ఒరిగి ఉన్నాయి. కింది రెండు తీగలు వదులై గడ్డిలో పడి ఉన్నాయి. కట్టిన బైండింగ్ వైరు తుప్పు పట్టి ఎక్కడికక్కడ రాలిపోయింది. పందులు వచ్చింది ఆ సందులోంచే. ఆ పెద్దమనిషి కరెంటు తీగ పెట్టింది కూడా సరిగ్గా ఆ సందులోనే.

ఆ సందు పూడ్చడానికి ఏం కావాలి? రెండు కిలోల బైండింగ్ వైరు, ఒక కటింగ్ ప్లేయర్, ఇద్దరు మనుషులు, ఒక పూట. ఆ పూట దొరకక ఒక ప్రాణం పోయింది, ఒక మనిషి జైలుకు పోయాడు. నేను ఆ పెద్దమనిషిని సమర్థించడం లేదు. రాత్రంతా మంచె మీద కూర్చున్నా పొద్దున్నకు అరెకరం మొక్కజొన్న నేలపాలైన రైతు కడుపుమంట ఏమిటో కూడా నాకు తెలుసు. అందుకే ఈ నెల సంపాదకీయంలో కంచె గురించి రాస్తున్నాను. కంచె వేయడం గురించి అందరూ మాట్లాడతారు. వేసిన కంచెను నిలబెట్టుకోవడం గురించి మాట్లాడేవాళ్లు తక్కువ.

నేను చేసిన తప్పు

మా ఇంటి చెలకకు మొదటిసారి ఇనుప కడీలు వేసినప్పుడు నాకు తెలిసింది రాతి కడీల పనే. యాంగిలర్‌కు రంధ్రాలు ఉన్నాయి కదా అని ముళ్లతీగను ఒక కొస నుంచి ఇంకో కొస దాకా ఆ రంధ్రాల్లోంచే దూర్చుకుంటూ పోయాను. చూడటానికి ముచ్చటగా ఉంది. ఒక్క వానాకాలం గడిచేసరికి దాని సంగతి బయటపడింది. గాలికి తీగ కదిలినప్పుడల్లా రంధ్రం అంచు రాచుకుని జింకు పూత పోయింది, అక్కడే తుప్పు మొదలైంది. పంది ఒకచోట తీగ తెంపితే, ముళ్లు రంధ్రాల్లో ఇరుక్కుని తీగ ఇటు రాదు, అటు పోదు. ఒక గజం తెగినందుకు ఇరవై గజాలు కోసి పారేయాల్సి వచ్చింది.

ఇంకో తప్పు కూడా చాలామంది చేస్తున్నారు. తీగను కడీకి వెల్డింగు పెట్టిస్తున్నారు. గట్టిగా ఉంటుందని అనుకుంటారు. వెల్డింగు వేడికి ఆ చోట జింకు కాలిపోతుంది, తీగ పెళుసవుతుంది. రెండేళ్లు తిరిగేసరికి సరిగ్గా వెల్డింగు దగ్గరే తెగుతుంది. అప్పుడు మళ్లీ వెల్డింగు మిషన్ చేను దాకా తేవాలి.

కర్ర కడీకి మేకు కొడతాం. ఇనుప కడీకి మేకు దిగదు. కాబట్టి దానికి ఉన్న పద్ధతి ఒక్కటే, కట్టు కట్టడం. ఆ కట్టు సరిగ్గా ఉంటే కంచె పదిహేనేళ్లయినా నిలబడుతుంది.

కట్టే తీరు

తీగ కొనేటప్పుడే జాగ్రత్త మొదలవ్వాలి. గేజ్ అంకె పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుంది. 12 గేజ్ తీగ సుమారు 2.6 మిల్లీమీటర్ల లావు, 14 గేజ్ సుమారు 2 మిల్లీమీటర్లు. చూడటానికి తేడా కొంచెమే అనిపిస్తుంది కానీ 12 గేజ్ తీగలో ఒకటిన్నర రెట్ల కన్నా ఎక్కువ ఇనుము ఉంటుంది. కిలో లెక్కన కొంటాం కాబట్టి సన్న తీగ ఎక్కువ పొడవు వచ్చి లాభంలాగా కనిపిస్తుంది. తెగేటప్పుడు తెలుస్తుంది నష్టం.

బైండింగ్ వైరు కూడా అంతే. ఇళ్ల స్లాబులకు కట్టే నల్ల వైరు వాడకండి. అది కాంక్రీటులో ఉండాల్సిన వైరు, వానకు ఎండకు ఒకటి రెండేళ్లలో రాలిపోతుంది. జీఐ వైరే వాడాలి. కిలోకు కొంత ఎక్కువైనా అదే చవక.

ముళ్లతీగ ఎప్పుడూ కడీకి బయటి వైపు, అంటే జంతువు వచ్చే వైపు ఉండాలి. అప్పుడు పంది తోస్తే ఆ ఒత్తిడి కడీ మీద పడుతుంది. లోపలి వైపు కడితే ఆ ఒత్తిడి మొత్తం కట్టు మీద పడి కట్టు ఊడుతుంది. జానెడున్నర బైండింగ్ వైరు ముక్క తీసుకుని రంధ్రంలోంచి దూర్చి, రెండు కొసలనూ కడీకి అటొకటి ఇటొకటి తెచ్చి, ముళ్లతీగ మీద ఒక్కో కొసను మూడు చుట్లు తిప్పాలి. నడిమి కడీల దగ్గర కట్టు తీగను పట్టి ఉంచాలి, నలిపేయకూడదు. తీగను మెలిపెట్టి వంచితే వంగిన చోటే ముందు తెగుతుంది.

అసలు బిగువు మోయాల్సింది మూల కడీలు. మూల దగ్గర తీగను కడీ చుట్టూ రెండు చుట్లు తిప్పి, మిగిలిన కొసను అదే తీగ మీద ఐదారు చుట్లు బిగుతుగా చుట్టాలి. మూల కడీకి రెండు వైపులా ఊత కడీలు లేకపోతే ఎంత బిగించినా దండగే, కడీ లోపలికి ఒరిగి తీగ మళ్లీ వదులవుతుంది. సర్కారు పనుల్లో ప్రతి పదిహేనో కడీకి కూడా రెండు వైపులా ఊత ఇవ్వాలనే నియమం ఉంది. మనం మాత్రం నాలుగు డబ్బులు మిగులుతాయని మొట్టమొదట మానేసేది ఆ ఊతలనే.

పంది ఎగిరి దూకేది తక్కువ. ముట్టెతో కింద నుంచి ఎత్తి దూరుతుంది. కాబట్టి నేలకు బెత్తెడు ఎత్తులో మొదటి తీగ ఉండాలి. దాని పైన రెండు మూడు వరుసలు జానెడు కన్నా తక్కువ ఎడంతో ఉండాలి. పైకి పోయేకొద్దీ ఎడం పెంచుకోవచ్చు. చాలాచోట్ల దీనికి తలకిందులుగా వేస్తున్నారు. పైన దగ్గర దగ్గరగా, కింద మూరెడు సందు. అది మనుషులకు అడ్డం, పందికి దర్వాజా.

ఇనుము వేడికి సాగుతుంది, చలికి ముడుచుకుంటుంది. వంద మీటర్ల తీగ ముప్పై డిగ్రీల తేడాకు మూడున్నర సెంటీమీటర్ల దాకా మారుతుంది. చలికాలం పొద్దున్నే బిగించిన తీగ ఎండాకాలంలో వదులవుతుంది. ఎండలో బిగించింది చలికాలంలో ఇంకా బిగుస్తుంది. అందుకని ఏడాదికొకసారి చూసుకోక తప్పదు.

మరమ్మతు

తెగిన తీగ రెండు కొసలను ఊరికే కలిపి మెలితిప్పితే అది లాగిన వెంటనే జారిపోతుంది. రెండు కొసలనూ కొక్కేలుగా వంచి ఒకదానిలో ఒకటి తగిలించాలి. తర్వాత ఏ కొసను ఆ తీగ మీదే ఐదారు చుట్లు దగ్గరగా చుట్టాలి. పొడవు చాలకపోతే మధ్యలో కొత్త ముక్క పెట్టి రెండు చోట్ల ఇదే పని చేయాలి. ఉన్న తీగనే బలవంతంగా లాగి కలిపితే ఇంకోచోట తెగుతుంది.

వదులైన తీగను నడుమ కట్టి బిగించలేం. మూల దగ్గర విప్పి, గడ్డపార ఆసరాతో లాగి, మళ్లీ చుట్టాలి. లాగేటప్పుడు తీగకు ఎదురుగా నిలబడొద్దు. తెగితే పాములా లేచి వస్తుంది, కళ్లు పోయినవాళ్లున్నారు. తీగ మీద తడి గోనె సంచి వేస్తే ఎగిరే జోరు తగ్గుతుంది. చేతికి తోలు గ్లౌజులు వేసుకోవాలి, తువ్వాలు చుట్టుకుంటే ముల్లు ఆగదు. గీసుకుంటే చిన్నదని వదిలేయకుండా ధనుర్వాతం సూది వేయించుకోవాలి.

ఇనుప కడీ పైన బాగానే కనపడుతుంది. అది చెడిపోయేది నేల మట్టం దగ్గర, తడి గాలి రెండూ తగిలే చోట. కాబట్టి కాంక్రీటును నేలకు సమానంగా ఆపకుండా నాలుగు వేళ్ల ఎత్తు లేపి, నీళ్లు జారేటట్టు వాలుగా చేయాలి. ఆ మట్టానికి పైనా కిందా ఒక జానెడు తారు పూయాలి. తుప్పు కనపడితే గీకి రెడ్ ఆక్సైడ్ వేయాలి. ఒరిగిన కడీని పైన పట్టుకుని లాగితే కాంక్రీటు దగ్గర విరుగుతుంది. తీగలు విప్పి, మొదలు తవ్వి, నిలబెట్టి, మట్టి దిమ్మిస కొట్టాకే తీగ కట్టాలి.

ముట్టుకునే ముందు

రాతి కడీకి లేని ఒక ప్రమాదం ఇనుప కడీకి ఉంది. పైన పోయే లైను తెగి కంచె మీద ఒకచోట పడితే, చేను చుట్టూ ఉన్న కంచె అంతా కరెంటు అవుతుంది. బోరు సర్వీసు వైరును స్తంభం లేదని కంచె కడీలకు కట్టుకుంటూ వస్తున్నాం. ఆ వైరు తొడుగు ఎక్కడ రాసుకుపోయినా అంతే. గాలివాన వచ్చిన మర్నాడు కంచె ముట్టుకునే ముందు ఒక చుట్టు దూరం నుంచి చూడండి. అనుమానం ఉంటే లైన్‌మన్‌కు చెప్పండి, 1912కు ఫోన్ చేయండి. సరఫరా ఆపారని తేలేదాకా పశువును కూడా అటు పోనివ్వకండి. సర్వీసు వైరును ఇనుప కడీలకు కట్టి ఉంటే ఈ వారమే విప్పేయండి.

సోలార్ కంచె గురించి కూడా రైతులు అడుగుతున్నారు. సోలార్ కంచె యంత్రం సెకనుకు ఒకసారి, కన్ను మూసి తెరిచేంత సేపు కూడా ఉండని దెబ్బ ఇస్తుంది. జంతువు బెదిరి వెనక్కి పోతుంది. స్టార్టర్ డబ్బాలోంచి నేరుగా గుంజిన 230 వోల్టుల తీగ అట్లా కాదు, పట్టుకుంటే వదలదు. ఈ రెండూ ఒకటే అనుకోవడం వల్లే చావులు. సోలార్ తీగను ఇనుప కడీకి కట్టేటప్పుడు మధ్యలో ఇన్సులేటరు ఉండాలి, లేకపోతే దెబ్బంతా భూమిలోకి పోతుంది. ముళ్లతీగకు మాత్రం సోలార్ దెబ్బ కూడా ఇవ్వకూడదు. ముళ్లకు చిక్కుకున్న మనిషి గాని, పశువు గాని విడిపించుకోలేరు.

కరెంటు తీగ వల్ల మనిషి చనిపోతే ఈ రోజుల్లో నిర్లక్ష్యం కేసుతో వదలడం లేదు, నేరపూరిత నరహత్య కేసులు కూడా పెడుతున్నారు. అడవి పంది చనిపోయినా 1972 వన్యప్రాణి చట్టం కింద కేసే. కోర్టుల చుట్టూ తిరగడానికి అయ్యే ఖర్చుతో ఊరందరికీ కంచె వేయొచ్చు.

ఒక్కడి కంచె, పది మంది కంచె

కంచె ఖర్చు ఎక్కడ ఎక్కువవుతుందో లెక్క వేసి చూద్దాం. చదరంగా ఉన్న ఒక ఎకరం చుట్టుకొలత సుమారు 835 అడుగులు. పది అడుగులకొక కడీ లెక్కన 84 కడీలు. పది మంది విడివిడిగా ఎకరం చొప్పున కంచె వేసుకుంటే 8350 అడుగులు. అదే పది ఎకరాలు ఒకే చుట్టు వేస్తే చుట్టుకొలత 2640 అడుగులే, 264 కడీలే. ఎకరానికి 26 కడీలు పడతాయి. ఖర్చు మూడో వంతు కన్నా తక్కువ.

నిజమైన పొలాలు చదరంగా ఉండవు, గెట్టు తగాదాలుంటాయి, దారి హక్కులుంటాయి. అయినా లెక్క మారదు. కలిస్తే తక్కువ, విడిపోతే ఎక్కువ. ఇంకో సంగతి, ఒక్కడే కంచె వేస్తే పంది పక్కవాడి చేనుకు పోతుంది. పక్కవాడు కరెంటు తీగ పెడతాడు. మన కంచె మన పంటను కాపాడుతుంది కానీ మోటరు పెట్టడానికి పోయే మన కొడుకును కాపాడదు.

కౌలు రైతుల బాధ వేరే ఉంది. వచ్చే ఏడు చేను ఉంటుందో లేదో తెలియని మనిషి కంచె ఎందుకు వేస్తాడు? ఇక్కడ ఇనుప కడీకి ఒక మంచి గుణం ఉంది. గట్టి నేలల్లో నడిమి కడీలను కాంక్రీటు లేకుండా పాతితే పీకి ఇంకోచోటికి పట్టుకుపోవచ్చు. మూలలకు, ఊతలకు మాత్రం కాంక్రీటు తప్పదు. కంచె సామాను కౌలుదారుదేనని భూమి యజమానితో ముందే కాగితం రాసుకోవాలి. ఆ కాగితం రాయించే పనిలో సంఘం గ్రామ కమిటీలు తోడు ఉండాలి.

ప్రభుత్వాన్ని అడగాల్సింది

ఇదంతా చదివి, కంచె కట్టుకోవడం రైతు పని, ఇక సర్కారుకు బాధ్యత లేదని ఎవరైనా అంటే ఒప్పుకోం. అడవి పంది ప్రభుత్వ రక్షణలో ఉన్న జంతువు. దాన్ని కాపాడే చట్టం ఉన్నప్పుడు, అది తినే పంటకు జవాబు చెప్పే బాధ్యత కూడా ప్రభుత్వానిదే. కంచే చేను మేసినట్టు, కాపాడాల్సినవాళ్లే కేసులు పెట్టి వెళ్లిపోతే రైతు ఎవరికి చెప్పుకోవాలి?

అడవి జంతువుల వల్ల జరిగే నష్టాన్ని 2026 ఖరీఫ్ నుంచి ఫసల్ బీమాలో చేరుస్తామని కేంద్రం 2025 నవంబరులో ప్రకటించింది. నష్టం జరిగిన 72 గంటల్లోగా పంట ఫోటోలు యాప్‌లో పెట్టాలట. ఏ జంతువులు, ఏ జిల్లాలు అనేది రాష్ట్రాలు నిర్ణయించాలి. ప్రకటన మంచిదే. సెల్‌ఫోన్ సిగ్నలే లేని అడవి అంచు ఊళ్లలో ఒంటరి ముసలి రైతు మూడు రోజుల్లో ఫోటోలు ఎట్లా పెడతాడో కూడా చెప్పాలి. మన రాష్ట్రం 2020లో ఈ బీమాను వదిలేసింది. రైతుకు ఈ రక్షణ అందించే బాధ్యత రాష్ట్ర ప్రభుత్వానిదే.

మన డిమాండ్లు ఇవి:

1. అడవి అంచు గ్రామాల్లో చిన్న, సన్నకారు రైతులు కలిసి వేసుకునే ఉమ్మడి కంచెకు పూర్తి ఖర్చు ప్రభుత్వమే భరించాలి. ఒక్కొక్కరికీ విడిగా ఇచ్చే సబ్సిడీ కన్నా ఇదే తక్కువ ఖర్చు.

2. కంచె వేసిన నాటితో చేతులు దులుపుకోకుండా ఏటా మరమ్మతుకు కొంత నిధి ఇవ్వాలి. సబ్సిడీ సామానులో తీగ, బైండింగ్ వైరు, కడీల గేజ్ ఎంత ఉండాలో తెలుగులో ప్రకటించాలి.

3. అడవి జంతువుల నష్టం జాబితాలో అడవి పందిని, కోతిని చేర్చాలి. ఫోటో పెట్టలేని రైతు చెప్పింది వ్యవసాయ విస్తరణాధికారి రాసుకోవాలి.

4. రుణ అర్హత కార్డు ఉన్నా లేకున్నా, సాగు చేసే కౌలు రైతుకే కంచె సాయం, పరిహారం దక్కాలి.

5. వేలాడే లైన్లు, వంగిన స్తంభాలు వానాకాలానికి ముందే విద్యుత్ శాఖ సరిచేయాలి. బోర్లకు తగినన్ని స్తంభాలు ఇస్తే వైర్లను కంచెలకు కట్టే అవసరమే ఉండదు.

కోతికి ఈ కంచె అడ్డం కాదని మాకూ తెలుసు. అది వేరే సమస్య, దాని గురించి మరో సంచికలో మాట్లాడుకుందాం.

రోహిణి కార్తెలో ఒక రోజు

డిమాండ్లు సాధించుకునేదాకా చేతులు కట్టుకుని కూర్చోలేం. ప్రతి గ్రామ కమిటీ రోహిణి కార్తెలో, విత్తనం నేలలో పడకముందే ఒక రోజు కంచె పనికి పెట్టుకోవాలని కోరుతున్నాం. పొద్దున్నే అందరూ ఒక గెట్టు దగ్గర కలవండి. కటింగ్ ప్లేయర్లు, గడ్డపారలు, గ్లౌజులు తెచ్చుకోండి. బైండింగ్ వైరు సంఘం చందాతో కొనండి. ఊరి చివర నుంచి ఒక్కో కంచె చూసుకుంటూ, కట్టు ఊడినచోట కట్టు వేసుకుంటూ, ఒరిగిన కడీ లేపుకుంటూ రండి. కరెంటు తీగ ఎక్కడైనా కనపడితే ఆ రైతును నలుగురిలో తిట్టకండి. లైన్‌మన్‌తో సరఫరా ఆపించి ముందు ఆ తీగ తీయించండి, తర్వాత ఆయన కంచె సందు అందరూ కలిసి పూడ్చండి. మళ్లీ ఆయనకు ఆ అవసరం రాకుండా చూడండి.

ఆ రోజు పంచనామా దగ్గర పిల్లవాడి తల్లి ఒక మాట అంది. "మా పెద్ద బావకు కంచె కట్టుకోవడానికి మనిషి దొరకలేదని తెలిస్తే నా కొడుకే పోయి కట్టి వచ్చేటోడు కదన్నా."

ఆ మాటకు మా దగ్గర జవాబు లేదు. ఈ వానాకాలం ఏ ఊళ్లోనూ ఏ తల్లికీ ఆ మాట అనాల్సిన అవసరం రాకూడదు.